కారుకు పోసిన తీర్థం

పోయిన నెల హోసూరులో మా మనవడి కారు మొండికేసింది. పొద్దున ఫ్యాక్టరీకి బయలుదేరే వేళకు తాళం తిప్పితే టిక్కు టిక్కుమంది తప్ప లేవలేదు. ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. పక్కింటి కారు నుంచి తీగలు కలిపి ఇంజన్ లేపి, అరచేయంత మీటరు ఆనించి అంకెలు చూసి, "ఆల్టర్నేటర్ బాగానే ఇస్తా ఉందప్పా, దాంట్లో తప్పు లేదు. బ్యాటరీనే నిలబెట్టుకోలేదు" అన్నాడు. నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నదాన్ని ఉండబట్టలేక, "దానికి నీళ్లు ఎవరు పోస్తారప్పా?" అని అడిగాను. ఇద్దరూ నవ్వారు. ఇప్పటి బ్యాటరీలకు నీళ్లు పోసే పని లేదట, అసలు మూతలే ఉండవట. "అవ్వకు బ్యాటరీ కూడా తెలుసే!" అని మెకానిక్ ముచ్చటపడ్డాడు. తెలియకేం? ఆ రోజుల్లో కృష్ణగిరిలో బ్యాటరీ గురించి బాగా తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు మా నాయన, ఇంకొకరు నేను. ఆ తెలివితో నేను ఒక మనిషి మీద పగ కూడా తీర్చుకున్నాను. తొందరపడకుండా, పిండివంట చేసినంత ఓపికగా తీర్చుకున్నాను. వాళ్లిద్దరూ కొత్త బ్యాటరీ తేవడానికి పోయాక అదంతా మళ్లీ కళ్లముందుకు వచ్చింది.

మా ఇల్లు కృష్ణగిరి పాతపేటలో, కొండ కింది వీధిలో ఉండేది. పేరుకు ఇల్లు మాది గాని ముందు గది బ్యాటరీలది. గోడ పొడవునా చెక్క అరుగు, దాని మీద బస్సులవి, లారీలవి, రేడియోలవి వరసగా కూర్చుని ఛార్జి ఎక్కుతుండేవి. ఛార్జి నిండే వేళకు బ్యాటరీ లోపల సన్నగా బుసబుసమని పొంగుతుంది. ఆ చప్పుడు వింటూ పెరిగినదాన్ని నేను. ముక్కు మండే ఆ వాసన మా పెరుగన్నంలోకి కూడా వచ్చేది. చిల్లు పడని బట్ట ఒక్కటి కూడా మా ఇంట్లో ఉండేది కాదు. యాసిడ్ చుక్క పడిన రోజు బట్ట మీద ఏమీ కనబడదు. ఒక ఉతుక్కు ఆవగింజంత చిల్లు, ఇంకో ఉతుక్కు మినపగింజంత. నన్ను చూడటానికి వచ్చినప్పుడు పిల్ల ముఖం కంటే ముందు మామగారి పంచెలోంచి ఆయన మోకాలు కనబడిందని మా ఇంటాయన చివరిదాకా ఎగతాళి చేసేవాడు. ఆయన బడి పంతులు. మా కాపురం కూడా అదే పేటలో రెండు వీధుల అవతల కాబట్టి పెళ్లయినా నేను పుట్టింటి ముందు గదిని వదిలిపెట్టలేదు.

మా నాయనకు మగపిల్లలు లేరు, నేనొక్కదాన్నే. అందుకని విద్యంతా నాకే చెప్పాడు. హైడ్రోమీటర్ అని ఒకటి ఉండేది, గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న బెండు. బ్యాటరీలోంచి యాసిడ్ పీల్చి చూస్తే బెండు పైకి తేలితే నిండినట్టు, మునిగితే ఒట్టిపోయినట్టు. మా నాయనకు దేవుడి దగ్గర పెద్ద పట్టింపు ఉండేది కాదు గాని బ్యాటరీలో పోసే నీళ్ల దగ్గర మాత్రం గొప్ప మడి. మా బావుల్లో ఉప్పూ సున్నమూ ఎక్కువ, ఆ నీళ్లు పనికిరావు. వాన నీళ్లే కావాలి, అదీ పెంకుల మీంచి జారినవి కాకూడదు. మొదటి వాన వదిలేసి, రెండో వానకు వాకిట్లో నాలుగు కర్రలకు తెల్ల పంచె కట్టి, నడిమధ్య గులకరాయి వేసి, కింద పింగాణి జాడీ పెట్టేవాడు. ఆ జాడీ దగ్గరికి ఇత్తడి చెంబు గాని రాగి బిందె గాని రానిచ్చేవాడు కాదు. "లోహం తాకిన నీళ్లు బ్యాటరీకి విషం పాపా" అనేవాడు. మా అమ్మ ఒకసారి తెలియక ఆ జాడీలో చెంబు ముంచితే రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా ఆ రెండు రోజులు సుఖంగా ఉన్నానని అందరితో చెప్పుకుంది.

బండి ఛార్జి నిలవడం లేదని ఎవరైనా వస్తే ఆయన వెంటనే స్పానర్ పట్టేవాడు కాదు. ముందు కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఆయన లెక్క ప్రకారం తోట ఎండిపోవడానికి మూడే కారణాలు. బావిలో నీళ్లు లేవా, కాలవ తెగిందా, తొట్టి కారుతోందా? బావి అంటే డైనమో. ఆల్టర్నేటర్ అనే మాట అప్పటికి మా దిక్కు రాలేదు, బండి పరుగెడుతుంటే కరెంటు పుట్టించేది డైనమోనే. బొటనవేలితో బెల్టు నొక్కి చూసేవాడు, బ్రష్షులు అరిగాయా అని చూసేవాడు, తీగకు బల్బు కట్టి ఎంత వెలుగుతుందో చూసేవాడు. కాలవ అంటే తీగలూ, కటౌట్ అనే చిన్న పెట్టే. ఆ పెట్టెలో ముల్లు అతుక్కుపోతే, బండి నిలబడిన తర్వాత బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకే పారిపోతుంది. ఈ రెండూ బాగుంటే అప్పుడు తీగ ఊడదీసి బ్యాటరీని ఒంటరిగా రెండు రోజులు పెట్టేవాడు. ఏ తీగా లేకుండానే దిగిపోతే తొట్టే కారుతున్నట్టు. ఆయన చెప్పింది తప్పడం నేను చూడలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారీ సావుకారు కారు దగ్గర. ఆయనకు చింతపండు మండీ, మామిడి మండీ రెండూ ఉండేవి. ఊళ్లో చెప్పుకోదగ్గ కార్లలో ఆయనదొకటి, నల్లగా పెద్దగా పెళ్లికొడుకులాగా ఉండేది. మనిషి మహా భక్తుడు. నుదుట విభూతి చెమటకు కూడా చెదిరేది కాదు. ఆ కారు కొత్త బ్యాటరీతో వచ్చింది, ఆరు నెలలకు ఆ బ్యాటరీ చచ్చిపోయింది. మా నాయన డైనమో విప్పాడు, బాగుంది. కటౌట్ చూశాడు, అదీ బాగుంది. బ్యాటరీని ఒంటరిగా పెడితే రెండు రోజుల్లో దిగిపోయింది. తొట్టే కారుతోందని తేల్చి, పెట్టె విప్పి లోపల ప్లేట్లన్నీ కొత్తవి వేశాడు. "ఏ నీళ్లు పోస్తావప్పా?" అని డ్రైవర్‌ను అడిగితే, "మీ ఇంటి వాన నీళ్లే అన్నా" అన్నాడు. అది నిజమే, సీసా పట్టుకుని వచ్చి మా జాడీలోంచే తీసుకుపోయేవాడు. అయినా ఉండబట్టలేక సావుకారునే అడిగాడు మా నాయన, ఇంకెవరన్నా దాంట్లో నీళ్లు పోస్తారా సామీ అని. "నా బండి నీళ్లు నా డ్రైవర్ తప్ప ఎవడు చూస్తాడప్పా?" అన్నాడు ఆయన. పాపం ఆయన కూడా అబద్ధం చెప్పలేదు. ఈ మాట ఇక్కడ న్యాయానికి ఒప్పుకుంటున్నాను, ఇంతకంటే ఒప్పుకోను.

కొత్త ప్లేట్లు వేసి నాలుగు నెలలు తిరక్కుండానే ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, మంచి వేళకు బండి లేపి వాటిని తొక్కించాలి. సావుకారు వాకిట్లో పెద్ద జనం. బస్సు స్టాండు డ్రైవర్లు, మండీ హమాలీలు, మా వీధివాళ్లు అందరూ ఉన్నారు. మేమూ వెళ్లాం. హారతి ఇచ్చి డ్రైవర్ తాళం తిప్పితే కారు ఒకసారి మూలిగి ఊరుకుంది. ఎంత తిప్పినా లేవలేదు. వేళ దాటిపోతోంది, నిమ్మకాయలు చెక్కుచెదరకుండా చక్రాల కింద కూర్చున్నాయి. సావుకారు ముఖం మాడిపోయింది. అక్కడికక్కడే బ్యాటరీ దింపించి, అదే వీధిలో మా నాయనకు పోటీగా ఉన్న ఇంకొక రిపేరుకారుడి చేత మూత విప్పించాడు. లోపల ప్లేట్లు గుల్లగా, పదేళ్ల పాతవాటిలాగా ఉన్నాయి. పోటీవాడు వాటిని పైకెత్తి అందరికీ చూపించి, నాలిక చప్పరించాడు.

"కొత్త ప్లేట్లని చెప్పి యాడివో పాత ప్లేట్లు పెట్టినావు కదప్పా. నమ్మి బండి ఇస్తే ఇట్లనా చేసేది?" అన్నాడు సావుకారు. "లేదు సామీ. నా చేతులతో కొత్తవే పెట్టినాను. ఎందుకు ఇట్ల అయినాయో నాకే తెలీలేదు" అన్నాడు మా నాయన. అయితే కర్పూరం ఆర్పు అన్నాడాయన. అరచేతిలో కర్పూరం వెలిగించి, తాను తప్పు చేయలేదని చెప్పి, పిడికిలి మూసి ఆర్పడం మా దిక్కున పెద్ద ప్రమాణం. ఆ ప్రమాణం చేసినవాడిని ఇక ఎవరూ అనుమానించరు. మా నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చేయి చాపాడు. వెలిగించారు. ప్రమాణం చేసి పిడికిలి మూశాడు. పొగ వేళ్ల సందుల్లోంచి వచ్చింది. అంతటితో అయిపోవలసింది. కాని సావుకారు నవ్వి, "దినమూ యాసిడ్‌లో చేతులు పెట్టేవానికి కర్పూరం కాలుతుందా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ముందు గదిలో టీ తాగి, అన్నా అన్నా అని తిరిగిన డ్రైవర్లు కూడా నవ్వారు. మా నాయన ఆ పిడికిలి తెరవకుండానే ఇంటికి నడిచాడు. నేను వెనక నడుస్తూ, ఈ మాటకు సావుకారుకు జవాబు అదే వాకిట్లో చెప్పకపోతే నేను మా నాయన కూతుర్ని కానని మనసులో ఒట్టు వేసుకున్నాను.

దొంగ అని పేరు పడినవాడి దగ్గరికి బ్యాటరీ ఎవరు తెస్తారు? బ్యాటరీ లోపల ఏముందో తెచ్చినవాడికి కనబడదు కదా, ఆ పని అంతా నమ్మకం మీదే నడిచేది. నెల తిరిగేసరికి చెక్క అరుగు ఖాళీ అయింది. మా నాయన గదికి తాళం వేసి, సామల్పట్టిలో మా చిన్నాయన ఉంటే అక్కడికి పోయి, నూనె మిల్లులో ఇంజను చూసుకునే పనికి చేరాడు. మా అమ్మ మా ఇంటికి వచ్చేసింది. ఎప్పుడన్నా బస్సెక్కి వస్తే ఆయన బజారు వీధిలో నడిచేవాడు కాదు. వెనక పొలాల గట్టు మీదుగా, తలమీద తువ్వాలు కప్పుకుని సందులోంచి వచ్చేవాడు. ఊళ్లో మంగలి దగ్గర కూడా కూర్చునేవాడు కాదు, గడ్డం పెరిగితే పెరిగినట్టే సామల్పట్టికి తీసుకుపోయేవాడు. ఆయనకు కావలసిందల్లా ఒక్కటే, తాను దొంగ కాదని ఆ ఊరు ఒప్పుకోవడం. అది తప్ప ఇంకేమీ అడిగేవాడు కాదు, అది కూడా నోటితో అడిగేవాడు కాదు.

మళ్లీ దసరా వచ్చింది. ఆ ఏడాది ఆయుధపూజకు సావుకారు కారును హమాలీలు తోసి నిమ్మకాయలు తొక్కించారని విని కడుపు కొంచెం చల్లబడింది. మరునాడు దశమి. సావుకారు భార్య కొలువు బొమ్మలకు చివరి హారతి ఇస్తూ వీధి ఆడవాళ్లందరినీ పేరంటానికి పిలిచింది. నన్నూ పిలిచింది. ఆమె ఎవరి జోలికీ పోని మంచి మనిషి. పోవద్దని మా అమ్మ కోప్పడినా నేను పోయాను. భక్తితో పోలేదు, ఆ ఇంట్లో ఏమన్నా చెడిందేమో కళ్లారా చూద్దామని పోయాను. పూజ గదిలో ఆమె రాగి చెంబులోంచి ఉద్ధరిణితో తీర్థం పోయబోతే నా చేయి గాలిలోనే ఆగిపోయింది. ఆ చిన్న రాగి గరిటె కాడ నల్లబడి ఉంది. ముందు భాగం మాత్రం లేత ఎరుపుగా, అప్పుడే తోమినట్టు మెరుస్తోంది, అంచు కాగితంలాగా పలచబడి ఒకచోట తెగిపోయింది కూడా. తల ఎత్తితే దండెం మీద సావుకారు మడిపంచె ఆరుతోంది. దాని నిండా ఆవగింజంత చిల్లులు, మినపగింజంత చిల్లులు. ఆ చిల్లులు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి?

"ఉద్ధరిణి ఇట్ల అరిగిపోయిందేమక్కా?" అని అమాయకంగా అడిగాను. "అదా! శుక్రవారం పూజ అయినాక ఆయన తీర్థం దేవునికి పోస్తారు, తులసికి పోస్తారు, కారుకు పోస్తారు" అంది ఆమె. కారుకు యాడ పోస్తారక్కా అన్నాను. "లోపల దానికి ఆరు నోళ్లు ఉండాయంట కదా. మూతలు తీసి ఒక్కో నోటికి ఒక్కో ఉద్ధరిణి. బండికి ప్రాణం ఆడనే ఉంటుందని కొన్నప్పుడు ఎవరో చెప్పినారంట. డ్రైవర్ స్నానం చేసి వస్తాడో లేదో అని వాడు రాకముందే ఆయనే చేసేస్తారు." నేను చేయి చాపి తీర్థం తీసుకుని కళ్లకద్దుకుని తాగాను. రాగి గరిటె ఆ నోళ్లలోకి దిగినప్పుడల్లా యాసిడ్ తగిలి కొంచెం కరుగుతుంది. కరిగిన రాగి పోయి లోపలి సీసం ప్లేటుకు అంటుకుంటుంది. అంటుకున్న దగ్గర నుంచి బ్యాటరీ కూర్చున్నచోటే తనను తాను తినేస్తుంది. మా నాయన ఎంత వాన నీళ్లు పట్టి ఏం లాభం? అన్ని ప్రశ్నలూ అడిగాడు, నీళ్లు ఎవరు పోస్తారని అడిగాడు. తీర్థం ఎవరు పోస్తారని ఏ మెకానిక్ అడుగుతాడు? ఏ సావుకారు దాన్ని నీళ్ల కింద జమకడతాడు?

ఇంటికి వచ్చేదారిలో నా కాళ్లు నేల మీద లేవు. ఆ సాయంత్రమే సావుకారు ముందుకు పోయి చెప్పి ఉండవచ్చు. కాని ఎవరు వింటారు? ఆయన ఒక్కడూ వింటాడు, గుట్టుగా ఉద్ధరిణి మానేస్తాడు, బండి బాగుపడుతుంది, ఆయన సుఖపడతాడు. నాకు అది వద్దు. మా నాయన పిడికిలి మూసింది ఆయుధపూజ రోజు, ఆ వాకిట్లో, అంత మంది ముందర. జవాబు కూడా ఆ రోజే, అక్కడే, అంత మంది ముందరే ఇవ్వాలి. ఆయుధపూజ నిన్ననే అయిపోయింది. మళ్లీ రావడానికి ఏడాది పడుతుంది. పడనీ అనుకున్నాను. మా నాయన గది తాళం తీసి, రేడియోలకు వాడే గాజు బ్యాటరీలు రెండు దించాను, ఒక్కో దానికి ఒక్కటే నోరు, లోపలి ప్లేట్లు బయటికి కనబడతాయి. ఒకదాంట్లో వాన నీళ్లు. రెండోదాంట్లో ప్రతి శుక్రవారం రాగి చెంబులో నిలవబెట్టిన నీళ్లు, మా అత్తగారి ఉద్ధరిణితో. ఆమె ఉద్ధరిణి ఆ ఏడాది పాడైపోయింది, దానికి ఆమె ఇప్పుడు ఏ లోకంలో ఉన్నా నన్ను క్షమించాలి. సంక్రాంతి లోపలే రెండో గాజు బ్యాటరీ చచ్చిపోవడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు ఛార్జి ఎక్కించినా నాలుగు రోజుల్లో ఒట్టిపోయేది.

ఆ ఏడాదంత ఆనందంగా నేను ఎన్నడూ లేనని చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గుపడను. సావుకారు సేలం నుంచి ఒక బ్యాటరీ తెప్పించాడు, బెంగళూరు నుంచి ఒకటి తెప్పించాడు. డైనమో మార్చాడు, తీగలన్నీ మార్చాడు. మా నాయన మీద నాలిక చప్పరించిన పోటీవాడు మూడుసార్లు తిట్లు తిని నాలుగోసారి ఊత్తంగరైలో పెళ్లి ఉందని పారిపోయాడు. బండి మాటిమాటికీ నిలబడుతుంటే సావుకారు భయపడి ఏం చేశాడనుకున్నారు? తీర్థం రెండు ఉద్ధరిణులు చేశాడు! పొద్దున హమాలీలు ఆ నల్ల కారును మా వీధి వాలులోకి తోసుకుంటూ వచ్చే చప్పుడు వినబడితే నేను చేతిలో పని వదిలేసి గడపలోకి వచ్చేదాన్ని. ఆ పూట నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి. ఒకసారి మొక్కు తీర్చుకోవడానికి పోతూ జవళగిరి దగ్గర అడవి అంచున కారు చచ్చిపోయింది. ఏనుగులు తిరిగే చోటని భయపడి ఇంటిల్లిపాదీ మిట్టమధ్యాహ్నం మూటలు నెత్తిన పెట్టుకుని నడిచారని ఊరంతా చెప్పుకుంది. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశాను. ఏం విశేషమని మా ఇంటాయన అడిగితే, పాలు మిగిలినాయని చెప్పాను.

ఉగాదికి మా నాయన వచ్చాడు. ఎప్పటిలాగే సందులోంచి, తలమీద తువ్వాలుతో. పచ్చడి తిని గోడకు ఆనుకుని కూర్చుని, "ఆ ప్లేట్లు అట్ల ఎందుకు అయినాయో ఎంత ఆలోచించినా తెగలేదు పాపా. ఒకవేళ నా చేతిలోనే ఏమన్నా తప్పు జరిగిందేమో" అన్నాడు. నోటిదాకా వచ్చింది. చెప్తే ఆయన ఆ పూటే పోయి సావుకారుకు చెప్పేస్తాడు. ఆయనకు బ్యాటరీ బాగుపడటమే ముఖ్యం, ఎవరు ఓడిపోయారన్నది కాదు. నా ఆయుధపూజ నా చేయి జారిపోతుంది. ఇంకో ఆరు నెలలే కదా అని, "అదంతా ఇప్పుడు ఎందుకు నాయనా, భోంచెయ్" అని విస్తరి వేశాను.

దసరాకు తప్పకుండా రమ్మని జాబు రాశాను. ఆయుధపూజ పొద్దున నేను కావాలనే ఆయన చేయి పట్టుకుని బజారు వీధిలోనే నడిపించుకుపోయాను. రానన్నాడు, వదల్లేదు. అయిదు రోజుల ముందు రెండు గాజు బ్యాటరీలకూ ఒకే తీగ మీద నిండా ఛార్జి ఎక్కించి, ఊడదీసి పెట్టి ఉంచాను. వాటిని మా ఇంటాయన ఒక బుట్టలో మోసుకొచ్చాడు. ఎందుకో ఆయనకు చెప్పలేదు, పంతులు కాబట్టి అడగకుండా ఉండలేడు గాని ఆ రోజు నా ముఖం చూసి అడగలేదు. సావుకారు వాకిట్లో అదే జనం, అవే నిమ్మకాయలు, తోయడానికి సిద్ధంగా హమాలీలు. నేను బుట్ట అరుగు మీద దించి, టార్చి బల్బుకు తీగలు కట్టి, కొంగు నీడ పట్టి మొదటి గాజుకు ఆనించాను. వెలిగింది. రెండోదానికి ఆనించాను. ఎర్రగా కూడా కాలేదు. "ఇది వాన నీళ్లు. ఇది శుక్రవారం తీర్థం, రాగి ఉద్ధరిణితో. రెండూ ఒకే దినం ఛార్జి ఎక్కినాయి. మీ కారు ఎందుకు చస్తా ఉందో తెలిసిందా సామీ?" అన్నాను.

సావుకారు కళ్లు ఎర్రజేసి, "దేవుని తీర్థం మీద నింద వేస్తావా?" అని అరిచాడు. "తీర్థం మంచిదే సామీ. యాసిడ్‌లో రాగి మంచిది కాదు. మీ మడిపంచె చూసుకోండి, అవి మా ఇంటి చిల్లులు" అన్నాను. జనం అందరూ పంచె వైపు చూశారు. ఆయన అది దులుపుకున్నాడు, చిల్లులు దులిపితే పోతాయా? అప్పుడు గుమ్మంలోంచి ఆయన భార్య, "నిజమే కదండీ. ఉద్ధరిణి అరిగిపోతా ఉందని నేను చెప్తానే ఉండాను" అంది. ఆమె పగతో అనలేదు, ఉన్నమాట అంది. నేను మాత్రం పగతోనే, రెండేళ్లు దాచుకున్న మాట తీశాను. "మీరు ఆ కారులో ఏమీ పోయలేదని కర్పూరం ఆర్పండి సామీ. మీవి యాసిడ్ చేతులు కావు కదా, బాగా కాలుతుంది." ఎవరూ నవ్వలేదు. ఆయన కర్పూరానికి చేయి చాపలేదు, మా నాయన వైపు తిరిగి, "తప్పు అయిపోయిందప్పా. నువ్వు దొంగవి కాదు" అని గొణిగాడు. "వెనకున్నవాళ్లకు వినపళ్లేదు సామీ" అన్నాను. గట్టిగా చెప్పాడు. ఆ క్షణం నా జన్మకు చాలనిపించింది. ఇప్పుడు తలచుకున్నా చాలనే అనిపిస్తుంది.

డ్రైవర్లు మా నాయన చుట్టూ చేరారు. ఆయన వాళ్లను దాటుకుని అరుగు దగ్గరికి వచ్చి, చచ్చిపోయిన గాజును రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. ప్లేట్ల నుంచి రాలిన మడ్డి అడుగున రెండు వేళ్ల మందం పేరుకుని ఉంది. ఛార్జి ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా ఆ మడ్డి కొంచెం కొంచెం రాలుతుంది. "ఇది ఎప్పుడు మొదలుపెట్టినావు పాపా?" అని అడిగాడు. కొన్ని దినాల ముందర అన్నాను. "ఇంత మడ్డి కొన్ని దినాల్లో రాలదు" అన్నాడు, గాజు మీంచి కళ్లు తీయకుండా. ఆయన ముందర బ్యాటరీ గురించి ఇంకొక అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "పోయిన దసరా నుంచి నాయనా. దశమి నాడే తెలిసింది" అన్నాను. "అయితే ఉగాదికి నేను వచ్చినప్పుడు నీకు తెలుసు." తెలుసు అన్నాను. ఆయన గాజును మెల్లగా, చుక్క ఒలకకుండా బుట్టలో పెట్టాడు. గొంతులో కోపం లేదు, ఏ బండిలో ఏ తప్పుందో చెప్పే గొంతే అది. "మొదటి ఏడాది నన్ను ఆయన దొంగను చేసినాడు పాపా. రెండో ఏడాది నువ్వు చేసినావు" అన్నాడు.

మా నాయన సామల్పట్టి పని వదిలేసి వచ్చి గది తెరిచాడు. అరుగు మళ్లీ నిండింది, సావుకారు కారు కూడా మా ఇంటికే వచ్చేది. ఆయన దాన్ని కూడా అన్ని బండ్లలాగే చూసేవాడు. నాతో ముందులాగే మాట్లాడాడు, ముందులాగే పని చెప్పాడు, ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆ తర్వాత ఆయన ఎనిమిదేళ్లు బతికాడు. సావుకారు మీద నాకు అప్పుడూ జాలి లేదు, ఇప్పుడూ లేదు. ఆ వాకిట్లో ఆ మాట మళ్లీ అనమంటే మళ్లీ అంటాను. కాని ఉగాది నాడు గోడకు ఆనుకుని, తన చేతులనే అనుమానిస్తూ కూర్చున్న మనిషి గుర్తొచ్చినప్పుడు మాత్రం నా గెలుపు నాకు రుచించదు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, ఆ వయసులో ఏడాది అంటే ఒక పండగ పోయి ఇంకో పండగ రావడమే. ఎనభై దాటి, ఇంకెన్ని మిగిలాయో తెలియని చోట కూర్చున్నాక ఇప్పుడు తెలుస్తోంది, నేను అంత ఓపికగా ఎదురుచూసిన ఆ ఏడాది నాది కాదు, మా నాయనది, ఆయన్ని అడక్కుండా నేను వాడుకున్నాను.